పదకొండు సెంటీమీటర్ల పిండి

బుధవారం ఉదయం పది గంటలకు అంజలమ్మ సుత్తీ ఉలీ పట్టుకుని డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కింది.

కోయంబత్తూరు సింగానల్లూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు మేడ మీద ఉంది ఆ ఒంటిగది ఆఫీసు. అక్కడికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది పెళ్ళికొడుకు తాగుతాడో లేదో కనుక్కోమని వస్తారు. మిగతా పదిమంది కింది షాపు ఇదే అనుకుని కాలిపోయిన మోటారు మోసుకొస్తారు. ఆయుధంతో వచ్చిన మనిషిని చూడటం అక్కడి అసిస్టెంటు కల్యాణసుందరానికి ఇదే మొదలు. ముప్పై రెండేళ్ళు టౌన్ బస్సులో కండక్టరుగా నలిగి రిటైరైన మనిషి కాబట్టి భయపడలేదు గానీ కుర్చీని కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"కూర్చోండమ్మా. ఆ సుత్తి అట్ల కింద పెట్టండి," అన్నాడు.

"పెట్టేదానికే కదన్నా చెప్పినారు! శనివారంతో సుత్తి కింద పెట్టేయమని చెప్పినారు!" అంటూ అంజలమ్మ గొల్లుమంది.

లోపలి బల్ల దగ్గర నుంచి శ్రీరంజని లేచి వచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి, కళ్ళద్దాలు, నూలు చీర. ఒక స్పిన్నింగ్ మిల్లు క్వాలిటీ ల్యాబులో ఇరవై ఏళ్ళు నూలు పరీక్షించి, మిల్లు మూతబడ్డాక ఈ డిటెక్టివ్ వృత్తిలోకి దిగింది. నూలుకూ మనుషులకూ తేడా లేదనీ, రెంటినీ ఒక్కసారి లాగి చూసి నిర్ణయం చెప్పకూడదనీ ఆమె సిద్ధాంతం. ఆమె ఏ మాటన్నా కల్యాణసుందరానికి వేదవాక్కు. అర్థమైతే సంతోషించేవాడు, అర్థం కాకపోతే ఇంకా ఎక్కువ సంతోషించేవాడు.

అంజలమ్మ కళ్ళు తుడుచుకుని చెప్పింది. రత్నసభాపతిగారి వెట్ గ్రైండర్ల కంపెనీలో ఆమెది రాయికి గాట్లు కొట్టే పని. గ్రైండరు లోపలి రాయి నున్నగా ఉంటే పిండి నలగదు. దాని ఒంటినిండా ఉలితో సన్నని గాట్లు పెట్టాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ పనే చేస్తోంది. ఇప్పుడు కంపెనీ బాధ్యత రత్నసభాపతిగారి కోడలు దర్శిని చేతికొచ్చింది. దర్శిని ఒక పరీక్ష పెట్టింది. మూడు గ్రైండర్లు. ఒకదానికి అంజలమ్మ గాట్లు కొట్టిన రాయి, ఇంకోదానికి దొరైసామి అనే మరో పనివాడు కొట్టిన రాయి, మూడోదానికి మిషన్‌తో కోసిన రాయి. ఆదివారం ఉదయం లెక్క రాయరు కాబట్టి శనివారం తప్ప రోజూ సాయంత్రం మూడింట్లోనూ ఒకే కొలత బియ్యం, మినప్పప్పు రుబ్బుతారు. మూడు ప్లాస్టిక్ డబ్బాల్లో పోస్తారు. తెల్లారి తొమ్మిదింటికి పిండి ఎంత పొంగిందో దర్శిని స్కేలు పెట్టి రాస్తుంది.

"మూడు వారాలు రాసినారు అమ్మిణీ. నా రాయి పిండేదా అన్నిటికన్నా తక్కువ పొంగిందంట. యావరేజ్‌లో నేనే కడైసి, అందరికన్నా కింద అంట. నా చెయ్యికి వయసైపోయిందంట. శనివారం వరకు రమ్మన్నారు." అంజలమ్మ తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "ఈ చెయ్యి అబద్ధం చెప్పదు అమ్మిణీ. ఎవరో ఏమో చేస్తా ఉండారు. ఈ పని పోతే నేను ఇంగ ఏం మనిషిని?"

శ్రీరంజని ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని వేళ్ళ కొసలు పరిశీలించింది. "వణుకు లేదు. ఈ ఉదయం డబ్బా ఇంకా కడిగి ఉండరు కదా?"

"పదకొండింటికి కడుగుతారు."

"కల్యాణన్నా, బండి తీయండి," అంది శ్రీరంజని.

*

కంపెనీ ఆవరణలోనే వెనకవైపు యజమాని ఇల్లు, ముందువైపు షెడ్లు, మధ్యలో పరీక్షలు చేసే వంటగది. దర్శిని వాళ్ళను గుమ్మంలోనే ఆపి చూసింది. ముప్పై ఏళ్ళ పిల్ల, చేతిలో ట్యాబ్, మెడలో ఐడీ కార్డు. సొంత కంపెనీలో మెడకు కార్డు వేసుకునే మనిషిని చూస్తే కల్యాణసుందరానికి గౌరవమూ జాలీ కలిసి వచ్చాయి.

"డిటెక్టివా? పిండికా?" అంది దర్శిని. "సరే, చూసుకోండి. దాచేదానికి ఏమీ లేదు. సగటు చెప్తుంది కదా అన్నీ. మిషన్ రాయి పదిహేను సెంటీమీటర్లు, దొరైసామిది పద్నాలుగున్నర, అంజలమ్మది పద్నాలుగు. నాకు ఆమె మీద కోపమేమీ లేదు. నంబర్ అట్ల ఉండాది."

"పద్దెనిమిది రోజుల నంబర్లూ ఇస్తారా? సగటు కాదు, ఒక్కో రోజుదీ."

"సగటు ఉంటే అవన్నీ ఎందుకు?" అంటూనే దర్శిని ట్యాబులోంచి పంపింది.

శ్రీరంజని బల్ల మీది మూడు డబ్బాల ముందు వంగింది. ఒక్కోదానికి పేరు చీటీ అంటించి ఉంది. అంజలమ్మ చీటీ ఉన్న డబ్బాలో పిండి స్కేలు మీద పదకొండు దగ్గరుంది. "కల్యాణన్నా, మీ కళ్ళతో చూసి చెప్పండి. ఇక్కడ ఏముంది?"

కల్యాణసుందరం ముక్కు డబ్బాకు ఆనించాడు. పిండికి బాగా పైన, పదిహేడు సెంటీమీటర్ల దగ్గర, లోపలి గోడ చుట్టూ ఎండిపోయిన తెల్లని చార ఉంది. "మురికి మేడం. సరిగా కడగలేదు."

అక్కడే గిన్నెలు తోముతున్న ఇరుళాయి చర్రున తిరిగింది. పిండిలో ఉప్పు వేసి చేత్తో కలిపే మనిషి ఆమే. "ఎవరు కడగలేదు? దినమూ పీచు అరిగిపోయేదాకా తోముతా ఉండాను! ఆ చార పొద్దున్నేదా వస్తుంది. మొత్తం ఎండిపోయి ఉంటుంది, గోరు పెట్టి గీకాల."

"మూడు డబ్బాల్లోనూ మీరే కలుపుతారా?" అడిగింది శ్రీరంజని.

"నేనేదా. ఊళ్ళో అడిగి చూడండి, నా చెయ్యి పెడితే రాయి కూడా పొంగుతుంది. నా చెయ్యిని సందేహించవద్దు."

"మీ చెయ్యిని సందేహించను. మూడింటినీ మీ చెయ్యే కలిపింది. నంబర్లలో మిగతా రెండూ ఏ రోజూ పేచీ పెట్టలేదు. చెయ్యి బాగాలేకపోతే మూడూ పడుకునేవి. ఇక్కడ ఇడ్లీనేనా, దోసె కూడా పోస్తారా?"

"ఇడ్లీ మాత్రందా. దోసెకల్లు అదిగో, ఆయుధపూజ అప్పుడు తగిలించింది, అట్లే ఉండాది."

గోడకు మేకు మీద పెనం వేలాడుతోంది. శ్రీరంజని కనుసైగ చేయగానే కల్యాణసుందరం వెళ్ళి వేలితో రాశాడు. దుమ్ము అంటుతుందనుకుంటే నూనె అంటింది. వేలు వాసన చూశాడు. నువ్వులనూనె, అదీ తాజాది. ఆ సంగతి చెప్పబోయాడు గానీ మేడం పెదవుల మీద వేలు పెట్టుకుంది.

దొరైసామి షెడ్డులో దొరికాడు. యాభై ఏళ్ళవాడు, బీడీ గొంతు. అంజలమ్మ పోతే ఇద్దరి పనీ అతనికే వస్తుంది. "ఆ అక్క నాకి పని నేర్పించింది," అన్నాడు తల వంచుకుని. "నాకన్నా ఆమె గాటు సన్నం. నా రాయి ఆమె రాయిని ఎట్ల గెలిచిందో నాకే తెలియలేదు. నన్ను చూసి అందరూ వేరే మాదిరి అనుకుంటా ఉండారు."

వేరే మాదిరి అనుకునే అందరిలో కల్యాణసుందరం అప్పటికే చేరిపోయాడు. ఇంత మంచిగా మాట్లాడేవాడు తప్పకుండా దొంగే అని అతని ముప్పై రెండేళ్ళ అనుభవం. టికెట్ కొననివాడే కండక్టరు ఆరోగ్యం అడుగుతాడు.

ఇంటి వరండాలో, పనివాళ్ళు మొదలాళీ అని పిలిచే యజమాని రత్నసభాపతిగారు పేపరు చదువుతున్నారు. డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి, బొజ్జ, విభూతి రేఖ, చల్లని చూపు. పక్కన స్టూలు మీద రాగిజావ గ్లాసు, ముట్టుకోనట్టే ఉంది.

"పాపం అంజలమ్మ," అన్నారాయన. "ఆ పిల్లకి ఎన్నిసార్లు చెప్పినాను, ఆమెని ఉంచు అని. కోడలు సార్, ఎంబీఏ సార్! నంబర్ చూపిస్తుంది. నంబర్ ముందు నేను ఏం మాట్లాడేది? అంజలమ్మ రాయికి ఈడు లేదండి. ఆ పిండి వెన్న మాదిరి ఉంటుంది. అంచు మొరమొరమని విరుగుతుంది, నడుమ దూది మాదిరి..." అని పేపరు వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"అంత బాగుంటుందని కోడలికి చెప్పారా?"

"చెప్పాల, చెప్పాల," అన్నారాయన.

అప్పుడే గేటు తోసుకుని ఆయన భార్య రాజమ్మాళ్ వచ్చింది. అరవై అయిదేళ్ళ మనిషి. ఒళ్ళంతా చెమట, చేతిలో రెండు కోలాటం కర్రలు. వచ్చీ రాగానే పలకరింపు కూడా లేకుండా చేతిసంచీలోంచి చిన్న షుగర్ మిషను తీసి భర్త వేలు పొడిచింది. ఆయన గోవులా వేలిచ్చారు.

"రెండు వందల ముప్పై ఆరు!" అంది రాజమ్మాళ్ గుండె మీద చెయ్యి వేసుకుని. "చూడండమ్మా ఈ అన్యాయం. వారానికి మూడు దినాలు కోవెల హాల్లో కోలాటం ప్రాక్టీసుకి పోతాను, పొద్దున ఆరుకు పోతే పదికి ఇల్లు. ఆ మూడు దినాలూ రాగిజావ కాచి పెట్టే పోతాను. దోసె అనే మాటే ఈ ఇంట్లో లేదు, ఆరు నెలలయింది. అయినా ఒకనాడు నూట ముప్పై, ఒకనాడు రెండు వందల ముప్పై. ఈ మిషనేదా పాడైపోయింది. వేరేది కొనాల."

"కొనవద్దు," అంది శ్రీరంజని వెంటనే. "మీరు రాసుకునే నోటుబుక్కు ఒకసారి ఫోటో తీసుకోనా?"

పిండి కేసులో షుగరు నోటుబుక్కు ఎందుకో కల్యాణసుందరానికి అంతుపట్టలేదు. అంతుపట్టలేదు కాబట్టి అతని అభిమానం రెట్టింపయింది.

*

మధ్యాహ్నం ఆఫీసులో శ్రీరంజని నల్లబోర్డు మీద మూడు నిలువు గీతలు గీసింది. "మీరు చదవండి కల్యాణన్నా, నేను రాస్తాను."

అతను స్టాపుల పేర్లు పిలిచే గొంతుతో పద్దెనిమిది రోజుల అంకెలూ చదివాడు. మిషన్ రాయి గడిలో పదిహేను అటూ ఇటూ. దొరైసామి గడిలో పద్నాలుగున్నర అటూ ఇటూ. అంజలమ్మ గడిలో మాత్రం పదకొండు, పదిహేడు, పదిన్నర, పదహారున్నర, పదకొండు, పదిహేడు.

"మీ బస్సు సంగతి చెప్పండి," అంది శ్రీరంజని. "ఒక రూటులో ట్రిప్పుకి ఎందరు ఎక్కేవారు?"

"సగటున యాభై మేడం. కానీ ఒక ట్రిప్పు ముప్పై, ఒక ట్రిప్పు డెబ్బై."

"పక్క రూటు సగటు యాభై మూడు అని డిపో మేనేజరు మిమ్మల్ని తిడితే?"

"అదేం న్యాయం?" కల్యాణసుందరానికి ఏనాటి కోపమో పొంగుకొచ్చింది. "నా రూటులోనే ట్రిప్పుకీ ట్రిప్పుకీ నలభై మంది తేడా వస్తా ఉంటే, రెండు రూట్ల నడుమ ముగ్గురి తేడా ఒక తేడానా? ఒక్క కాలేజీ బెల్లు ముందు కొడితే అయిపోయె!"

"దాని పేరే అనోవా. ఎనాలిసిస్ ఆఫ్ వేరియన్స్. నూలు మిల్లులో ఏ మిషను మంచిదో అట్లాగే తేల్చేవాళ్ళం. గుంపులకూ గుంపులకూ మధ్య ఎంత తేడా ఉందో చూడాలి, ఒక్కో గుంపు లోపల ఎంత తేడా ఉందో చూడాలి. బయటి తేడాని లోపలి తేడాతో భాగించాలి. ఇక్కడ మూడుకు పైన వస్తేనే రాళ్ళలో తేడా ఉందనడానికి ధైర్యం చేయవచ్చు." ఆమె లెక్క వేసి కింద గీత గీసింది. "ఒకటీ చిల్లర. ఒకటిన్నర కూడా లేదు. ఈ అంకెలతో అంజలమ్మని ఇంటికి పంపడం కుదరదు."

తను ముప్పై రెండేళ్ళుగా అనోవా చేస్తూనే ఉన్నానని తెలిసి కల్యాణసుందరం ఛాతీ విరిచాడు. "కేసు తేలిపోయింది మేడం!"

"సగమే. అంజలమ్మ గుంపు ఒక్కదానిలోనే ఇంత గొడవ ఎందుకుంది? బియ్యం ఒకటే, చెయ్యి ఒకటే, ఎండా వానా ఒకటే. మిగతా రెండు డబ్బాలూ కదలకుండా కూర్చున్నాయి. కాబట్టి ఏదో ఆ ఒక్క డబ్బాకే జరుగుతోంది. ఇప్పుడు రాళ్ళను మరిచిపోదాం. అంజలమ్మ పద్దెనిమిది అంకెలనూ వారాల పేర్లతో ఆరు గుంపులు చేస్తాను, ఆరు సగటులూ పోల్చి చూద్దాం. చదవండి."

చదువుతూ చదువుతూ అతని గొంతు మారిపోయింది. సోమవారాలు మూడూ పదకొండు దగ్గర. మంగళవారాలు పదిహేడు దగ్గర. బుధవారం మళ్ళీ పదకొండు. గురువారం పదిహేడు. శుక్రవారం పదకొండు. శనివారం పదిహేడు. ఏ గుంపు లోపల చూసినా సగటుకు అటూ ఇటూ అర సెంటీమీటరుకు మించి తేడా లేదు.

"లోపలి గొడవంతా బయటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు భాగిస్తే నూట ముప్పై," అంది శ్రీరంజని చాక్‌పీసు దులుపుకుంటూ. "రాయికి వారం తెలియదు కల్యాణన్నా. వారం మనుషులకే తెలుసు."

"దొరైసామి! సోమ, బుధ, శుక్రవారాల్లో వాడేదో కలుపుతున్నాడు మేడం."

"కలిపితే పొంగదు. కానీ ఆ పిండి పదిహేడు దాకా పొంగింది. చార చెప్పింది కదా."

"అయితే పిల్లి!"

శ్రీరంజని అతని వంక ఆప్యాయంగా చూసింది. "కాలెండరు చూసుకుని వచ్చి, దోసెకల్లుకు నువ్వులనూనె రాసే పిల్లి కోయంబత్తూరులో ఎక్కడైనా ఉంటే దాన్ని కూడా విచారిద్దాం."

గురువారం సాయంత్రం పిండి రుబ్బి పోశాక, అందరూ ఇళ్ళకు బయలుదేరే ముందు, శ్రీరంజని దర్శినిని అడిగి అయిదు నిమిషాలు ఆ వంటగదిలో ఒంటరిగా ఉంది. బయటికొచ్చి, రేపు పది గంటలకు అందరూ ఇక్కడే ఉండాలని చెప్పింది. లోపల ఏం చేసిందో కల్యాణసుందరానికి కూడా చెప్పలేదు. అతను మాత్రం రాత్రి భార్యకు "కేసు ముగిసింది, నేను కనిపెట్టేశాను" అని చెప్పి నిద్రపోయాడు.

*

శుక్రవారం పది గంటలకు వంటగది నిండింది. అంజలమ్మ గోడకానుకుని సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దొరైసామి గుమ్మం దగ్గర, ఇరుళాయి పొయ్యి దగ్గర నిలబడ్డారు. రత్నసభాపతిగారికి కుర్చీ వేశారు. రాజమ్మాళ్ కోలాటం నుంచి నేరుగా కర్రలతోనే వచ్చింది. దర్శిని ట్యాబు వంక అయోమయంగా చూస్తోంది.

"ఈనాటి అంకెలు చదవండమ్మా," అంది శ్రీరంజని.

"దొరైసామి పద్నాలుగున్నర. అంజలమ్మ పదమూడు." దర్శిని కనుబొమలు ముడిపడ్డాయి. "మిషన్ రాయి పదకొండు! మిషన్ ఎట్ల పదకొండు అవుతుంది?"

"ఎందుకంటే నిన్న సాయంత్రం నేను రెండు చీటీలు మార్చి అంటించాను. అంజలమ్మ చీటీ ఉన్న డబ్బాలో మిషన్ రాయి పిండి ఉంది. మిషన్ చీటీ కింద అంజలమ్మ పిండి ఉంది." శ్రీరంజని కళ్ళద్దాలు తుడుచుకుంది. "కల్యాణన్నా, చెత్తబుట్టలో ఏం దొరికిందో చూపించండి."

కల్యాణసుందరం ప్లేటు ముందుకు పెట్టాడు. పొద్దున ఎనిమిదింటికి మేడం అతన్ని పంపింది దీనికోసమే. ప్లేటులో ఒక దోసె, ఒక మూల మాత్రం కొరికి ఉంది.

"కథ ఇది," అంది శ్రీరంజని. "ఈ వంటగదిలోకి వారానికి మూడు ఉదయాలు ఒక మనిషి వస్తాడు. పిండి నిండుగా పొంగి ఉన్న వేళలో వస్తాడు. అంజలమ్మ డబ్బాలోంచి మాత్రమే మూడు గరిటెలు తీస్తాడు. గరిటె పెడితే పిండి కుంగిపోతుంది, అందుకే తొమ్మిదింటికి స్కేలు పదకొండు చూపిస్తుంది. అది ఎక్కడిదాకా పొంగిందో ఎండిన చార చూపిస్తుంది. దోసెలు పోసుకుని, పెనం తుడిచి తగిలించి వెళ్ళిపోతాడు. ఈరోజు అలవాటుగా చీటీ చూసి తీశాడు. ఒక దోసె పోసి, ఒక ముక్క నోట్లో పెట్టగానే నచ్చలేదు, పారేశాడు. తరువాత రుచి చూసి చూసి అసలు డబ్బా పట్టుకున్నాడు. చీటీ అబద్ధం చెప్పినా ఆ నాలుక మోసపోలేదు."

"ఎవరది?" అంది రాజమ్మాళ్ కర్రలు బిగించి.

"ఇరుళాయి కాదు. ఎనిమిదిన్నరకు గాని రాదు, పైగా చార సంగతి తనే చెప్పింది. దొరైసామి కాదు. అంజలమ్మ పేరు చెడగొట్టాలంటే మూడు రోజులే ఎందుకు, ఆరు రోజులూ చెడగొట్టేవాడు." కల్యాణసుందరం దొరైసామి వంక చూసి క్షమాపణగా తల ఊపాడు. దొరైసామికి ఎందుకో అర్థం కాక అతనూ ఊపాడు. "ఈ వంటగదిలో దోసె పోయరు. మరి అంజలమ్మ రాయి పిండికి అంచు మొరమొరమని విరుగుతుందని ఒక పెద్దమనిషికి ఎట్లా తెలిసింది? ఇడ్లీకి మొరమొరలాడే అంచు ఉండదు కదా."

రత్నసభాపతిగారు ఫ్యాను వంక చూశారు. ఫ్యాను తిరగడం లేదు.

"రాజమ్మాళ్ అక్కా, మీ షుగర్ మిషను బంగారం లాంటిది," అని శ్రీరంజని నోటుబుక్కు ఫోటో తెరిచింది. "మంగళ, గురు, శనివారాలు నూట ముప్పై చుట్టూ. మీరు కోలాటానికి వెళ్ళే సోమ, బుధ, శుక్రవారాలు రెండు వందల ముప్పై చుట్టూ. ఆదివారం మీరు ఇంట్లోనే ఉంటారు, నూట ఇరవై ఎనిమిది. పిండి ఏ రోజు దిగిందో ఆ రోజు షుగరు ఎక్కింది. ఈ పొద్దున ఎంత?"

రాజమ్మాళ్ భర్త వేలు పట్టుకుని పొడిచింది.

"రెండు వందల నలభై నాలుగు," అంది. తరువాత, చాలా నెమ్మదిగా, "నేను అక్కడ దేవుడి పేరు చెప్పి కర్రలు కొడతా ఉంటే, మీరు ఇక్కడ దోసె పోసుకుంటా ఉండారా?"

"మూడే రాజీ. చిన్నవి," అన్నారు రత్నసభాపతిగారు.

ఇరుళాయి కొంగు నోట్లో కుక్కుకుంది. దర్శిని కూడా నవ్వబోయి ఆగిపోయింది, ఎందుకంటే అంజలమ్మ నవ్వడం లేదు. ఆమె సుత్తి పట్టుకుని లేచి నిలబడింది. ఆ ముఖం చూసి కల్యాణసుందరం దోసె ప్లేటు పక్కన పెట్టేశాడు.

"నా రాయి పిండేదా తిన్నారు," అంది అంజలమ్మ. "తినండి మొదలాళీ, దానికేమి. ఇరవై ఎనిమిది ఏళ్ళు మీ ఉప్పు నేను తిన్నాను. కానీ నన్ను పో అని చెప్పేటప్పుడు మీరు ఆ వరండాలోనే కూర్చుని ఉండారు. తినిన నోరు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా?"

రత్నసభాపతిగారి బొజ్జ ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు కనిపించింది. కుర్చీలోంచి లేచి ఆమె ముందుకు వచ్చారు. "చెప్పాలనుకున్నాను అంజలమ్మా. దినమూ అనుకున్నాను. ఈమె కర్రలు చూస్తే నోరు వచ్చేది కాదు. శనివారం లోపల ఎట్లయినా చెప్దామని..." ఆయన ఆగారు. "లేదు. చెప్పేవాణ్ణి కాదు. భయపడినాను. ఒక దోసె కోసం నీ పని పోనిచ్చేవాణ్ణి. తప్పు నాది."

అంత పెద్దాయన పనిచేసే మనిషి ముందు చేతులు జోడించడం ఆ కంపెనీలో ఎవరూ చూడలేదు. అంజలమ్మ ఆ చేతుల్ని ఒక నిమిషం అట్లాగే ఉండనిచ్చింది, ఆ తరువాతే "సరి, వదిలేయండి" అంది.

దర్శిని మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకుంది. "నాదీ తప్పే అంజలమ్మక్కా. సగటు ఒకటే చూసినాను. మిగతా పద్దెనిమిది అంకెలు నా చేతిలోనే ఉండినాయి." ట్యాబులో వేళ్ళు ఆడించి లెక్క వేసింది. "దొంగతనం లేని దినాలు మాత్రం తీసుకుంటే మీది పదిహేడు. మిషన్ పదిహేను. మామయ్య నాలుక నా ఎక్సెల్ కన్నా మేలు. పని మీదే. ఇంకో ఇద్దరికి మీరు నేర్పించాల."

"నేర్పిస్తాను. దొరైసామికి ఇంగా కొంచం బాకీ ఉండాది," అంది అంజలమ్మ. దొరైసామి బీడీ దగ్గు దగ్గుతూ నవ్వాడు.

రాజమ్మాళ్ పెనం దింపించింది. ఆ పూట అక్కడున్న అందరికీ అంజలమ్మ పిండితో దోసెలు పోశారు, ఒక్కరికి తప్ప. ఆ ఒక్కరూ రాగిజావ గ్లాసు పట్టుకుని పొగలు కక్కే పెనానికి ఎదురుగా కూర్చోవలసి వచ్చింది. కల్యాణసుందరం నాలుగు తిన్నాడు. అంచు మొరమొరమని విరిగింది, నడుమ దూదిలా ఉంది. పెద్దాయన తప్పు ఎంతటిదో అతనికి మొదటి దోసెకే అర్థమైంది, ఆ తప్పు చేయకుండా ఉండటం ఎంత కష్టమో నాలుగో దోసెకు అర్థమైంది.

సోమవారం పొద్దున ఆరున్నరకు అతను కోవెల హాలు పక్కనుంచి వెళుతూ బండి ఆపాడు. లోపల ఇరవై మంది ఆడవాళ్ళు కోలాటం ఆడుతున్నారు. నడుమ రత్నసభాపతిగారు పంచె ఎగగట్టి, తాళం తప్పి, పక్కావిడ కర్రను కొట్టాల్సింది పోయి తన వేలిని కొట్టుకుంటున్నారు. ఇకపై సోమ, బుధ, శుక్రవారాలు ఆయన భార్య కళ్ళ ముందే ఉండాలని తీర్పు.

అదే రోజు మధ్యాహ్నం భోజనం వేళకు ఆఫీసు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అంజలమ్మ. చేతిలో స్టీలు డబ్బా, దానినిండా మూత ఎత్తుకుని పొంగిన పిండి. రెండో చెయ్యి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చెయ్యి చూసి కల్యాణసుందరం కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా, సుత్తి ఏదీ?"

"పని దగ్గర ఉండాదన్నా," అంది అంజలమ్మ. "సగం రాయి అట్లే ఉండాది. బేగ పోవాల."